అంటువ్యాధుల ఖర్చు: నిజం చెప్పిన దేశానికే జరిమానా

1994 సెప్టెంబరు మూడో వారంలో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు వ్యాపించిందన్న వార్త గుప్పుమంది. కొద్ది రోజుల్లోనే లక్షల మంది నగరం విడిచి వెళ్లిపోయారు. రైళ్లు, బస్సులు కిక్కిరిశాయి. వెళ్లినవారిలో ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామందే ఉన్నారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు నిండుకున్నాయి. తీరా లెక్క తేలాక చూస్తే, ఆ ఏడాది దేశం మొత్తమ్మీద ప్లేగుతో చనిపోయినవారు 60 మంది లోపే. ఆ రోజుల్లో క్షయ వ్యాధి ఏటా లక్షల మంది భారతీయులను పొట్టన పెట్టుకునేది. క్షయ కారణంగా ఏ దేశమూ మన విమానాలను ఆపలేదు, మన సరుకును తిప్పి పంపలేదు. ప్లేగు వల్ల మాత్రం భారత్‌కు దాదాపు 170 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని తర్వాత వచ్చిన అంచనాలు చెబుతున్నాయి.

అరవై మంది లోపు మరణాలకు, 170 కోట్ల డాలర్ల నష్టానికి మధ్య ఇంత అంతరం ఎందుకు వచ్చింది? అంటువ్యాధులు పేద, వర్ధమాన దేశాల ఆర్థిక వ్యవస్థలను ఎలా దెబ్బతీస్తాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆస్పత్రి బిల్లులు, మందుల ఖర్చు మొత్తం నష్టంలో చిన్న వాటా మాత్రమే. పెద్ద వాటా భయానిది. ఆ భయాన్ని ఇతర దేశాలు ఆంక్షల రూపంలో అమలు చేసినప్పుడు, వ్యాధి ఉందని ముందుగా ఒప్పుకున్న దేశమే ఎక్కువగా నష్టపోతుంది. గత మూడు దశాబ్దాల్లో ఇది మళ్లీ మళ్లీ జరిగింది. దీన్ని మార్చనంత కాలం ప్రభుత్వాలకు వ్యాధిని దాచిపెట్టాలన్న ఆశ పుడుతూనే ఉంటుంది.

సూరత్‌లో ఏం జరిగింది?

సూరత్ సాధారణ నగరం కాదు. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఈ నగరం మీదుగానే వెళుతుంది. సింథటిక్ వస్త్రాలకు దేశంలోనే పెద్ద కేంద్రం. ఆ మగ్గాల మీద, సాన యంత్రాల ముందు కూర్చునేది ఎక్కువగా వలస కార్మికులే. ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలూ అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇలాంటి నగరం ఖాళీ అయితే మగ్గాలు ఆగిపోతాయి, ఎగుమతి గడువులు దాటిపోతాయి. రోజు కూలి మీద బతికే ఇంట్లో పొయ్యి వెలగదు.

దేశం వెలుపల పరిస్థితి మరీ తీవ్రంగా మారింది. గల్ఫ్ దేశాలు భారత్‌కు విమానాలు నిలిపివేశాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఖతార్, ఒమన్, బంగ్లాదేశ్ భారతీయ ఆహార పదార్థాల దిగుమతిని ఆపేశాయి. ప్లేగు సరుకుల ద్వారా వ్యాపించే వ్యాధి కాదని, ప్రయాణ ఆంక్షలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినిపించుకున్నవారు తక్కువ.

ఇందులో భారత్ లోపం కూడా ఉంది. వచ్చింది ప్లేగా, మరేదైనా వ్యాధా అన్నది త్వరగా తేల్చి చెప్పగల ల్యాబొరేటరీ సామర్థ్యం అప్పుడు దేశంలో చాలా తక్కువ. నిపుణుల మధ్యే భిన్నాభిప్రాయాలు వచ్చాయి. రుజువు ఆలస్యమయ్యేకొద్దీ వదంతి బలపడింది. నాలుగు మంచి ల్యాబ్‌లకు అయ్యే ఖర్చు ఆ 170 కోట్ల డాలర్లలో ఎన్నో వంతు ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత సూరత్ కోలుకున్న తీరు కూడా గుర్తుంచుకోదగినదే. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు చెత్త సేకరణ, మురుగు నీటి పారుదల, అక్రమ కట్టడాల తొలగింపు మీద దృష్టి పెట్టారు. అధికారులు రోజూ వీధుల్లో ఉండాలన్న నియమం తెచ్చారు. కొద్ది కాలంలోనే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాకెక్కింది. అంటే, అంతకుముందు చెయ్యలేక మిగిలిపోయిన పని ఏమీ కాదది. నష్టం జరిగాకే ఆ పనికి విలువ కనిపించింది.

భయం ఎలా ఖర్చవుతుంది

అంటువ్యాధి వల్ల వచ్చే ఆర్థిక నష్టాన్ని మూడు భాగాలుగా చూడవచ్చు. మొదటిది వైద్యానికయ్యే ఖర్చు. రెండోది, జబ్బుపడినవారు, చనిపోయినవారు పనికి రాకపోవడం వల్ల తగ్గే ఉత్పత్తి. మూడోది, ఆరోగ్యంగా ఉన్నవారు కూడా జాగ్రత్త కోసం తమ అలవాట్లు మార్చుకోవడం. బజారుకు పోకపోవడం, ప్రయాణం మానుకోవడం, పెట్టుబడి వాయిదా వేయడం, సరిహద్దు మూసేయడం అన్నీ దీని కిందికే వస్తాయి. 2003 నాటి సార్స్, 2009 నాటి హెచ్1ఎన్1 వ్యాధుల విషయంలో మొత్తం ఆర్థిక నష్టంలో 80 నుంచి 90 శాతం దాకా ఈ మూడో భాగానిదేనని ప్రపంచ బ్యాంకు 2014లో పేర్కొంది. సార్స్ సోకింది 8,100 మందికి, మరణించింది 774 మంది. నష్టం మాత్రం దాదాపు 4,000 కోట్ల డాలర్లని ఒక ప్రముఖ అంచనా.

ఈ మూడో భాగం పేద దేశాలను ఎక్కువగా దెబ్బతీయడానికి కారణాలున్నాయి. అక్కడ ఎక్కువ మందికి నెల జీతం ఉండదు, రోజు కూలే ఆధారం. పనికి పోని రోజు ఆదాయం సున్నా. ఎగుమతులు ఒకటి రెండు సరుకుల మీద, లేదా పర్యాటకం మీద ఆధారపడి ఉంటాయి. అది ఆగితే డాలర్లు ఆగుతాయి, డాలర్లు ఆగితే ఇంధనం, మందులు కొనలేని స్థితి వస్తుంది. కష్టకాలంలో అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ ఎక్కువ. 2020 మార్చిలో అమెరికా ఒక్క చట్టంతో 2.2 లక్షల కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించగలిగింది. అలాంటి వెసులుబాటు ఏ ఆఫ్రికా, దక్షిణాసియా దేశానికీ లేదు.

పశ్చిమాఫ్రికాలో 2014-16 ఎబోలా దీనికి నిలువెత్తు నిదర్శనం. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ప్రధానంగా సాగిన ఆ వ్యాధి 28,600 మందికి పైగా సోకింది, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 ఆగస్టులోనే ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు ఆ దేశాలకు విమానాలు ఆపేశాయి. సాయానికి వెళ్లాల్సిన డాక్టర్లకూ దారి కష్టమైంది. ఈ మూడు దేశాలు 2015లో కోల్పోయే ఆర్థిక వృద్ధి విలువ కనీసం 220 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. చిన్న ఆర్థిక వ్యవస్థలకు అది మోయలేని బరువు. లైబీరియా తన డాక్టర్లు, నర్సులు, మంత్రసానుల్లో దాదాపు 8 శాతం మందిని ఎబోలాకే పోగొట్టుకుంది. ఎబోలా తగ్గాక ప్రసవాలు చేసేవారు, పిల్లలకు టీకాలు వేసేవారు కరవయ్యారు. ఆ నష్టం ఏ ఒక్క ఏడాది జీడీపీ లెక్కలోనూ పూర్తిగా కనిపించదు.

పెరూ నుంచి కేరళ దాకా ఒకే అనుభవం

భారత్‌కు ముందే పెరూ ఈ జరిమానా కట్టింది. దాదాపు వందేళ్ల విరామం తర్వాత 1991లో దక్షిణ అమెరికాలో మళ్లీ కలరా కనిపించింది. ఆ ఒక్క ఏడాదిలో పెరూలో 3 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, 2,900 మంది చనిపోయారు. వ్యాధి వివరాలను ఆ దేశం బహిరంగంగా ప్రకటించింది. ఫలితంగా చేపల ఎగుమతులు, పర్యాటకం కుప్పకూలి 77 కోట్ల డాలర్ల దాకా నష్టపోయిందని అంచనా. చేపలు తినడం ప్రమాదం కాదని నమ్మించడానికి అప్పటి అధ్యక్షుడు ఫుజిమోరి కెమెరాల ముందు పచ్చి చేపల వంటకం తినాల్సి వచ్చింది. 1997 చివర్లో తూర్పు ఆఫ్రికా దేశాల్లో కలరా వచ్చినప్పుడు యూరోపియన్ యూనియన్ అక్కడి తాజా చేపలను నిషేధించింది. సముద్రం మీద, సరస్సు మీద ఆధారపడ్డ మత్స్యకార కుటుంబాల ఆదాయం తెగిపోయింది.

2018 మేలో కేరళకు ఇదే ఎదురైంది. కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా వైరస్‌ను అక్కడి డాక్టర్లు చాలా త్వరగా పసిగట్టారు. ప్రభుత్వం వివరాలను వెంటనే బయటపెట్టింది. 17 మరణాలతో వ్యాధి ఆగిపోయింది. ప్రజారోగ్యం పరంగా అది విజయం. అయినా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, కువైట్ కేరళ నుంచి పండ్లు, కూరగాయలు రానివ్వలేదు. నిపాతో ఏ సంబంధమూ లేని కూరగాయల రైతు ఆ ఖర్చులో వాటా మోశాడు. ఆ తర్వాత ఏళ్లలోనూ నిపా కేసులు వచ్చినప్పుడు కేరళ దాచలేదు. అది అక్కడి వైద్య వ్యవస్థ గొప్పతనం. అయితే ఆ గొప్పతనానికి ప్రతిఫలంగా ఏ అంతర్జాతీయ ఏర్పాటూ లేదు.

2021 నవంబరులో దక్షిణాఫ్రికా విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. అక్కడి శాస్త్రవేత్తలు కరోనా కొత్త రకాన్ని గుర్తించి నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేశారు. తర్వాత దానికే ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. మర్నాడే బ్రిటన్ ఆరు దక్షిణాఫ్రికా ప్రాంత దేశాల ప్రయాణికులపై ఆంక్షలు ప్రకటించింది. నవంబరు 29 నుంచి అమెరికా ఎనిమిది దేశాలను ఆపేసింది. అప్పటికే ఆ రకం యూరప్‌లో ఉందని, నవంబరు 19న తీసిన నమూనాలోనే దొరికిందని నెదర్లాండ్స్ కొద్ది రోజులకు వెల్లడించింది. అయినా ఆంక్షలు మోసింది ఆఫ్రికా దేశాలే. వేసవి పర్యాటక సీజన్ మొదలయ్యే సమయంలో హోటళ్ల బుకింగ్‌లు రద్దయ్యాయి. మంచి ల్యాబ్‌లు ఉన్నందుకు, నిజం చెప్పినందుకు తమను శిక్షిస్తున్నారని దక్షిణాఫ్రికా విదేశాంగ శాఖ చేసిన ఆరోపణలో అతిశయోక్తి లేదు.

ఈ ఘటనలు చూశాక మరో దేశపు ఆరోగ్య మంత్రికి ఏం పాఠం అందుతుంది? ఇంకో వారం ఆగి చూద్దామన్న ఆలోచన వస్తుంది. ఆ వారం రోజుల విలువ ఎంతో 2020లో ప్రపంచానికి తెలిసింది. వుహాన్‌లో కొత్త వ్యాధి గురించి తోటి డాక్టర్లను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్‌ను అక్కడి పోలీసులు పిలిచి మందలించారు. ఆయన కూడా అదే వ్యాధితో 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆ ఏడాది ప్రపంచ ఆర్థిక వ్యవస్థ దాదాపు 3 శాతం కుంచించుకుపోయింది.

దక్షిణాసియాకు వచ్చిన బిల్లు

కొవిడ్ కాలంలో దక్షిణాసియా దేశాల అనుభవాలు వేర్వేరుగా ఉన్నా దెబ్బ తగిలిన చోటు ఒకటే: బయటి ప్రపంచంతో ఉన్న ఆదాయ బంధం. పర్యాటకమే ప్రాణమైన మాల్దీవుల జీడీపీ 2020లో దాదాపు మూడో వంతు పడిపోయింది. బంగ్లాదేశ్‌లో 2020 వసంతంలో విదేశీ బ్రాండ్లు 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన దుస్తుల ఆర్డర్లను రద్దు చేశాయి లేదా నిలిపివేశాయి. కుట్టుమిషన్ల మీద కూర్చునే మహిళలకు జీతాలు ఆగాయి.

శ్రీలంకకు పర్యాటకం నుంచి 2018లో దాదాపు 440 కోట్ల డాలర్లు వచ్చేవి. 2019 ఈస్టర్ బాంబు దాడుల తర్వాత తగ్గిన ఆ ఆదాయం 2020లో 70 కోట్ల లోపుకు, మరుసటి ఏడాది ఇంకా కిందికి జారింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని కొలంబో చేతులెత్తేసింది. దీనికి మహమ్మారి ఒక్కటే కారణమనడం సరికాదు. 2019 చివర్లో ఇచ్చిన భారీ పన్ను రాయితీలు, 2021లో రసాయన ఎరువులపై ఉన్నట్టుండి విధించిన నిషేధం శ్రీలంక పాలకుల స్వయంకృతాలే. అప్పటికే బలహీనంగా ఉన్న గోడకు అంటువ్యాధి చివరి దెబ్బ కొట్టింది. వర్ధమాన దేశాల్లో అంటువ్యాధులు తరచూ ఇదే పని చేస్తాయి. కొత్త పగుళ్లు తక్కువ, ఉన్న పగుళ్లు తెరుచుకోవడమే ఎక్కువ.

భారత్‌లో 2020 మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని తొలి అంచనా. సూరత్ మళ్లీ వార్తల్లోకెక్కింది. ఈసారి నగరం నుంచి పారిపోయినందుకు కాదు, ఇళ్లకు పంపమని, బకాయి జీతాలు ఇవ్వమని వలస కార్మికులు రోడ్డెక్కినందుకు. ఊళ్లకు తిరిగొచ్చినవారికి ఉపాధి హామీ పథకమే దిక్కయింది. 2019-20లో 265 కోట్లున్న పనిదినాలు 2020-21లో 389 కోట్లకు చేరాయి. నగరం మోయాల్సిన భారాన్ని చివరకు పల్లె మోసింది.

కోళ్లకు ఉన్న న్యాయం

ఈ సమస్యకు పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పశుసంవర్ధక శాఖ దగ్గర ఎప్పటి నుంచో ఉంది.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోని ఫారాల్లో వైరస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కోళ్ల వాహనాలను వెనక్కి పంపారు. హైదరాబాద్‌తో సహా చాలా చోట్ల చికెన్ అమ్మకాలు పడిపోయాయి. బాగా ఉడికించిన మాంసంతో ప్రమాదం లేదని ప్రభుత్వం ఎంత చెప్పినా జనం వినలేదు. దేశాల మధ్య జరిగేదే రెండు తెలుగు రాష్ట్రాల మధ్య చిన్న స్థాయిలో జరిగింది.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. వ్యాధి సోకిన ప్రాంతంలో ప్రభుత్వం చంపించే కోళ్లకు యజమానికి పరిహారం ఇస్తారు. కేంద్రం, రాష్ట్రం ఆ ఖర్చు పంచుకుంటాయి. అంతకుముందే వ్యాధితో చచ్చిపోయిన కోళ్లకు పరిహారం ఉండదు. ఈ నిబంధన వెనక ఒక లెక్క ఉంది. ముందుగా చెబితే కొంతైనా చేతికొస్తుంది, దాచిపెడితే అదీ పోతుంది. మార్కెట్ నష్టమంతా దీంతో పూడదు. కానీ ఫోన్ చేయాలా వద్దా అని ఊగిసలాడే రైతును చేయమనే వైపుకు ఈ నిబంధన నెడుతుంది. దేశాలకు ఇలాంటి నిబంధన ఒక్కటీ లేదు.

క్షయ వ్యాధి విషయంలోనూ ఇదే సూత్రం ఫలించింది. క్షయ కేసుల వివరాలు ప్రభుత్వానికి తెలియజేయడం 2012లోనే తప్పనిసరి అయింది. కానీ 2013లో ప్రైవేటు రంగం నుంచి నమోదైన కేసులు 40 వేలు కూడా లేవు. తర్వాత కేసు తెలియజేసిన ప్రైవేటు డాక్టరుకు 500 రూపాయల ప్రోత్సాహకం, రోగికి నెలకు 500 రూపాయల పోషకాహార సాయం వచ్చాయి. ఈ సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు చేశారు. వివరాలు ఇవ్వనివారిని శిక్షించే నిబంధనా తెచ్చారు, డాక్టర్ల పని తేలిక చేసే సంస్థలనూ రంగంలోకి దించారు. 2023 నాటికి ప్రైవేటు రంగం నుంచి నమోదైన కేసులు 8 లక్షలు దాటాయి. వ్యాధి అన్ని రెట్లు పెరగలేదు. కనపడకుండా ఉన్నది కనపడింది.

కొవిడ్ మరణాల లెక్క ఇదే పాఠాన్ని చేదుగా చెబుతుంది. సుప్రీంకోర్టు ఆదేశాలతో మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం ఖరారైంది. 2022 జనవరి నాటికి తెలంగాణలో అధికారిక మరణాలు 4 వేల లోపే ఉండగా దరఖాస్తులు దాదాపు 29 వేలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల పైచిలుకు మరణాలకు 36 వేల దరఖాస్తులు, గుజరాత్‌లో 10 వేల మరణాలకు 89 వేలకు పైగా దరఖాస్తులు అందాయి. అన్నీ నిజమైనవని చెప్పలేం. నకిలీ సర్టిఫికెట్లపై కోర్టే తనిఖీకి ఆదేశించింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు సంభవించిన మరణాలను కూడా లెక్కలోకి తీసుకోవడం మరో కారణం. అయినా ఇంత తేడాను అవి మాత్రమే వివరించలేవు. 2025లో విడుదలైన పౌర నమోదు లెక్కల ప్రకారం దేశంలో 2021లో నమోదైన మరణాలు 1.02 కోట్లు, అంతకుముందు ఏడాదికంటే దాదాపు 21 లక్షలు ఎక్కువ. 2021లో అధికారికంగా లెక్కకొచ్చిన కొవిడ్ మరణాలు మూడున్నర లక్షల లోపే. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉండొచ్చు, మొత్తం అదే కాదు. దాచిన లెక్క వల్ల ప్రభుత్వాల పరువు కొన్నాళ్లు నిలిచి ఉండవచ్చు. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబం మాత్రం సాయం కోసం ఒక కాగితం చుట్టూ తిరగాల్సి వచ్చింది.

చట్టం ఉంది, కోరలు లేవు

అంతర్జాతీయంగా ఏమీ జరగలేదని కాదు. సూరత్, సార్స్ అనుభవాల తర్వాత అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను 2005లో తిరగరాశారు. 2007 జూన్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసును మించి ప్రయాణం, వాణిజ్యంపై ఆంక్షలు పెట్టే దేశం శాస్త్రీయ కారణం చూపాలని 43వ అధికరణం చెబుతోంది. చూపకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పదు. ఒమిక్రాన్ సమయంలో ఈ అధికరణం కాగితానికే పరిమితమైంది.

డబ్బు ఏర్పాటు కోసం ప్రపంచ బ్యాంకు చేసిన ప్రయోగం కూడా నిరాశపరిచింది. ఎబోలా తర్వాత 2017లో మహమ్మారి బాండ్లు జారీ చేసింది. వ్యాధి రాకపోతే పెట్టుబడిదారులకు మంచి వడ్డీ, వస్తే ఆ సొమ్ము పేద దేశాలకు. ఆలోచన మంచిదే, షరతులు కఠినం. 2018-20లో కాంగోలో ఎబోలా 2,200 మందికి పైగా ప్రాణాలు తీసినా బాండ్ల సొమ్ము కదల్లేదు. రెండో దేశంలో కనీసం 20 మంది చనిపోవాలన్నది షరతు. అంటే పొరుగు దేశానికి పాకకుండా వ్యాధిని కట్టడి చేసినందుకు సాయం దక్కలేదు. కొవిడ్‌కు 2020 ఏప్రిల్‌లో 19.6 కోట్ల డాలర్లు విడుదలయ్యాయి. 64 దేశాలకు పంచితే ఒక్కో దేశానికి సగటున వచ్చింది 30 లక్షల డాలర్లు. అప్పటికి ప్రపంచమే మూతపడింది.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. వైరస్ నమూనాలు పంచుకునే దేశాలకు టీకాలు, మందుల్లో వాటా దక్కాలన్నది ఇందులో కీలకం. ఈ ఏర్పాటులో చేరే కంపెనీలు మహమ్మారి సమయంలో తమ ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచేందుకు కృషి చేయాలి, అందులో కనీసం సగం విరాళంగా ఇవ్వాలి. ఈ డిమాండుకు మూలం ఇండొనేషియాలో ఉంది. తాము ఉచితంగా ఇచ్చిన బర్డ్ ఫ్లూ నమూనాలతో తయారైన టీకాలను తామే కొనలేని పరిస్థితి ఏమిటని 2007లో ఆ దేశం నమూనాలు పంపడం ఆపేసింది. కానీ ఈ వాటా ఎలా అమలవుతుందో చెప్పే అనుబంధం మీదే బేరసారాలు నడిచాయి. దాన్ని 2026 మే సభ ముందుంచాలన్నది లక్ష్యంగా పెట్టుకున్నారు. మరోవైపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతున్నట్టు అమెరికా 2025 జనవరిలో ప్రకటించింది. పేద దేశాల్లో వ్యాధి నిఘాకు ఏళ్ల తరబడి డబ్బిచ్చిన యూఎస్ఎయిడ్ అదే ఏడాది జులైలో మూతపడింది.

ఒప్పందంలో టీకాల వాటా ఉంది. ఆంక్షల వల్ల కలిగే నష్టానికి పరిహారం లేదు. పెరూ మత్స్యకారుడికి, కేరళ కూరగాయల రైతుకు, కేప్‌టౌన్ హోటల్ కార్మికుడికి జరిగిన నష్టం గురించి అందులో జవాబు లేదు.

భారత్ ఏం అడగాలి, ఏం చేయాలి

సరిహద్దులు మూయడం ఎప్పుడూ తప్పేనని వాదించలేం. 2020 తొలి నెలల్లో త్వరగా తలుపులు వేసుకున్న కొన్ని దేశాలకు సిద్ధమయ్యే సమయం దొరికింది. అసలు విషయం ఖర్చు ఎవరు భరించాలన్నది. తన ప్రజల రక్షణ కోసం ఆంక్షలు పెట్టే హక్కు సంపన్న దేశానికి ఉన్నప్పుడు, ముందుగా హెచ్చరించి ఆ రక్షణకు వీలు కల్పించిన దేశపు నష్టంలో వాటా భరించే బాధ్యతా ఉండాలి. కొత్త వ్యాధిని ల్యాబ్ నిర్ధారణతో సహా తెలిపిన దేశానికి, మరణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, కొద్ది రోజుల్లోనే నిర్ణీత మొత్తం అందే నిధి ఒకటి అవసరం. మహమ్మారి బాండ్ల తప్పు మళ్లీ చేయకుండా, చెల్లింపు వ్యాధి పాకడానికి కాక, త్వరగా తెలియజేయడానికి ముడిపడి ఉండాలి. తప్పుడు ప్రకటనలతో నిధిని దుర్వినియోగం చేస్తారన్న సందేహం రావచ్చు. స్వతంత్ర ల్యాబ్ నిర్ధారణ షరతు దానికి సరిపోతుంది. పైగా ఎగుమతులు పోగొట్టుకునే ప్రమాదం తెలిసి లేని వ్యాధిని ఉందని చెప్పుకునే దేశం ఉండదు.

ఈ మాట గట్టిగా చెప్పగల అర్హత భారత్‌కు ఉంది. 1994లో జరిమానా కట్టింది, 2018లో మళ్లీ కట్టింది. టీకాల తయారీలో ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి. హైదరాబాద్ కంపెనీలు అందులో ముందు వరసలో ఉన్నాయి. కాబట్టి బేరం ఆడే బల్ల వద్ద రోగి వైపూ కూర్చోగలదు, మందు అమ్మేవాడి వైపూ కూర్చోగలదు.

కానీ బయట అడిగేది ఇంట్లో పాటించాలి. రాష్ట్రాల మధ్య కేసుల పట్టికను పరీక్షల ర్యాంకుల జాబితాలా చూపించినప్పుడు తక్కువ చూపించిన రాష్ట్రం మెచ్చుకోలు పొందుతుంది, ఎక్కువ పరీక్షలు చేసినది తిట్లు తింటుంది. డెంగీ కేసు నమోదు చేస్తే తలనొప్పి అనుకునే జిల్లా అధికారికి, కోళ్లు చస్తున్నాయని ఫోన్ చేయాలా వద్దా అని ఆలోచించే ఫారం యజమానికి, దక్షిణాఫ్రికాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. నిజం చెబితే నాకేమిటి? ఈ ప్రశ్నకు నీతి బోధ జవాబు కాదు. కేసులు ముందుగా పట్టుకున్న జిల్లాకు అదనపు నిధులు, సిబ్బంది వెళ్లాలి. పనికి రావద్దని చెప్పిన కార్మికుడికి ఆ రోజుల కూలి అందాలి. పరీక్ష చేయించుకుని పాజిటివ్ వచ్చిన మనిషి ఇంట్లో బియ్యం నిండుకోకూడదు.

ఇందుకయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. కానీ ఆ పద్దు ఎలాగూ తప్పదు. ముందుగా చెల్లిస్తే అది పరిహారమో, కూలో, ల్యాబ్ ఖర్చో అవుతుంది. ఆలస్యంగా చెల్లిస్తే ఆగిన మగ్గాలు, రద్దయిన ఆర్డర్లు, కట్టలేని విదేశీ అప్పు అవుతుంది. సూరత్ నుంచి కేప్‌టౌన్ దాకా ఇప్పటివరకు చెల్లించినదంతా రెండో పద్ధతిలోనే.